పెట్టెలో దాచిన సబ్బు

అలెగ్జాండ్రియా,
27 సెప్టెంబరు 1947

హిల్మీకి, మీ మామయ్య దీవెనలు.

కలరా ఊళ్ళలో పనికని నువ్వు జగాజీగ్ రైలెక్కి నాలుగు రోజులైంది. నీ కార్డు నిన్న అందింది. అందులో రెండే మాటలున్నాయి. ‘చేరాను. బాగున్నాను.’ మీ అమ్మ కార్డును వెనక్కి తిప్పి చూసి, "వీణ్ణి వైద్యానికి చదివించామా, టెలిగ్రాఫ్ ఆఫీసుకి చదివించామా?" అంది.

ఇంట్లో సంగతి ఒక్కటే. అత్తారీన్ వీధిలో మీ అమ్మ పదకొండేళ్ళుగా కుట్టుమిషన్ పెట్టుకున్న కొట్టును యజమాని యానీ అమ్మేస్తున్నాడు. ముసలాయన గ్రీసులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతాడట. ధర మూడు వందల యాభై పౌండ్లు. ఏనాడూ అద్దె బాకీ పెట్టని మనిషని నవంబరు ఒకటో తేదీ దాకా మీ అమ్మకే మొదటి హక్కు ఇచ్చాడు. ఆమె దగ్గర రెండు వందల అరవై ఉంది. మిగతా తొంభై గురించి రోజూ భోజనం దగ్గర మాట్లాడుకుంటున్నాం. నా దగ్గర ఎంతుంటుందో నీకు తెలుసు. ముప్పై ఏళ్ళు ఇతరుల డబ్బుతో కొని, ఇతరుల కోసం అమ్మిన దళారీ దగ్గర ఎంతుంటుందో అంతే.

కలరా వార్త పత్రికల్లో పడిన రోజు షేరు బజారు నేననుకున్నంత గగ్గోలు పెట్టలేదు. మొదటి గంటలో అందరూ హోటళ్ళ షేర్లు అమ్మారు. ఈ చలికాలం దొరలు రారని. తర్వాత ఓడల కంపెనీ పదోవంతు పడింది. హజ్ యాత్రికులు కదలరని. జీవిత బీమా అంతకంటే ఎక్కువ పడింది. బ్యాంకులు మాత్రం ఏమీ విననట్టే కూర్చున్నాయి. ట్రాముల కంపెనీ షేరు పడి, సాయంత్రానికి లేచింది. కలరా వచ్చినా జనం ఆఫీసుకి వెళ్ళాలి కదా.

నీకో పని చెబుతాను. మా పత్తి దళారీలందరికీ పల్లెల్లో ఓ బావమరిదో, పినతండ్రి కొడుకో ఉంటాడు. పొలంలో ఆకుపురుగు పడితే ప్రభుత్వ నివేదిక కంటే ముందు అతని ఉత్తరం వస్తుంది. వాటిని పురుగు ఉత్తరాలంటాం. మా మామగారు నాకు ఇరవై ఏళ్ళు రాశారు. బజారులో ఎవరూ దాన్ని తప్పనుకోరు. రాసే చుట్టం లేనివాడిని చూసి జాలిపడతారు. నువ్వు చూసింది చూసినట్టు రాయి. అలంకారాలు వద్దు.

నీళ్ళు కాచి తాగు.

రుష్దీ


కఫ్ర్ దియాబ్, షర్ఖియా జిల్లా,
3 అక్టోబరు

మామయ్యకు, మీ చేతులు ముద్దు పెట్టుకుంటూ హిల్మీ రాసేది.

ఊరి చుట్టూ సైనికుల కాపలా ఉంది. చీటీ లేకుండా ఎవరూ బయటికి వెళ్ళకూడదు, లోపలికి రాకూడదు. మా మకాం బడిలో. బెంచీలు మంచాలయ్యాయి. మంగళవారం పదకొండు మంది కొత్త రోగులు వచ్చారు, బుధవారం తొమ్మిది, నిన్న మళ్ళీ పదకొండు. సెలైన్ సీసాలు సరిపడా ఉన్న రోజు ఎక్కువమంది బతుకుతున్నారు. లేని రోజు బతకడం లేదు.

ఇది ఖర్జూరం కోత కాలం. గెలలు కోసి చాపల మీద ఆరబోశారు. ఈగలతో చాపలు నల్లగా కనిపిస్తున్నాయి. అమ్మకూడదని ఉత్తర్వు వచ్చింది. తినకూడదని మేం చెప్పాం. ఏడాదంతా ఆ పంట మీద బతికేవాళ్ళకి ఈ రెండు మాటలు చెప్పడం తేలిక కాదు.

సబ్బు సంగతి మీకు చెప్పాలి. పోయిన వారం ఇంటికో బిళ్ళ పంచాం. మన ఊళ్ళో తయారయ్యే ‘నీలి తెరచాప’ సబ్బే. మూడు రోజుల తర్వాత ఎవరి చేతులు చూసినా అలాగే ఉన్నాయి. మా వీధి చివర ఉమ్ షలబీ అని ఒక విధవరాలుంది. ఊళ్ళో ఆడవాళ్ళ శవాలకు స్నానం చేయించేది ఆమే. ఆమె ఇంటికి వెళ్ళాను.

"సబ్బేదమ్మా?"

"ఉంది డాక్టరు బాబూ, భద్రంగా ఉంది" అని పెళ్ళినాటి చెక్కపెట్టె తెరిచింది. మడత పెట్టిన కఫను గుడ్డ, చిన్న సీసాలో పన్నీరు, వాటి మధ్య కాగితం విప్పని సబ్బు బిళ్ళ.

"ఇది దేనికి?"

"దేనికేంటి, స్నానానికి."

"మరి చెయ్యవేం?"

"నాకు కాదు బాబూ, నా శవానికి. గుడ్డ ఎప్పుడో కొనుక్కున్నా. మంచి సబ్బు కొనే తాహతు లేకపోయింది. దేవుడు మీ చేత పంపాడు."

"దాంతో చేతులు కడుక్కుంటే శవమే ఉండదు కదమ్మా!"

"మీ ముందు వచ్చిన కంపౌండరూ అదే అన్నాడు. పాపం, అతనే పోయాడు."

ఆ తర్వాత ఇరవై మూడు ఇళ్ళు చూశాను. పంతొమ్మిది ఇళ్ళలో సబ్బు పెట్టెలోనే ఉంది.

అమ్మ కొట్టు విషయం నా మనసులో ఉంది. నా జీతం పన్నెండు పౌండ్లు. ఈ నెలది ఇంకా రాలేదు.

హిల్మీ


అలెగ్జాండ్రియా,
9 అక్టోబరు

హిల్మీకి దీవెనలు.

నీ ఉత్తరం ఏడో తేదీన వచ్చింది. కలరా అంటకుండా గంధకం పొగ పట్టించారేమో, కాగితం పసుపు రంగుకి తిరిగింది. పొగ లోపలికి పోవడానికి కవరుకి రెండు చోట్ల గాట్లు పెట్టారు. మీ అమ్మ దాన్ని బాల్కనీలో ఆరేసిన తర్వాతే ఇంట్లోకి రానిచ్చింది.

బజారు కుదుటపడింది. కుదుటపడటమంటే పడాల్సినవి పడి, లేవాల్సినవి లేచాయని. హోటళ్ళు అయిదోవంతు పోగొట్టుకున్నాయి. మంచు కంపెనీని చూస్తే జాలేస్తుంది. ఎండ మండుతున్నా మంచుగడ్డ కొనే నాథుడు లేడు, అది ఏ నీళ్ళతో చేశారోనని. సోడా కంపెనీ వారంలో ఎన్నడూ లేనంత లేచింది. మందులు దిగుమతి చేసేవాళ్ళు మొదట ఆకాశానికి పోయారు. సూదిమందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుందని తెలియగానే సగం దూరం దిగారు. పత్తి ఊగుతోంది. కాపలా దాటి కూలీలు రాలేక కొన్ని చోట్ల దూది చేలోనే ఉందట, నిజమేనా?

చిత్రమేమిటంటే బీమా కంపెనీ మళ్ళీ పాత ధరకి వచ్చింది. కారణం అడిగాను. వాళ్ళ గుమాస్తాలు మూడు రోజులు కూర్చుని పాలసీలన్నీ తిరగేశారట. చనిపోతున్నవాళ్ళలో వాళ్ళ దగ్గర బీమా చేసినవాడు ఒక్కడూ లేడు.

ఇప్పుడు అసలు విషయం. నీ ఉత్తరంలో పెట్టె గురించి చదివి అరగంట ఆలోచించాను. ఇంటికో బిళ్ళ ఇస్తే అది పెట్టెలోకి పోతోంది. అంటే ఎంత సరుకు పంపినా చాలదు. ఇంకా పంపుతారు, ఇంకా దాస్తారు. ఆకుపురుగు పడితే పత్తి ధర పెరిగినట్టే ఇదీను. నీలి తెరచాప కంపెనీ షేరు ఆ రోజు రెండు పౌండ్ల అరవై పియాస్త్రులుంది. మీ అమ్మ డబ్బుతో సరిగ్గా వంద వస్తాయి.

"ఒరేయ్ రుష్దీ, నా డబ్బు సబ్బుల్లో పెడతావా?" అంది మీ అమ్మ.

"నా తెలివి మీద కాదక్కా, నీ కొడుకు ఉత్తరం మీద పెడుతున్నా."

"వాడి ఉత్తరం మీదైతే పెట్టు."

కొన్నాను. ఈ రోజు మూడు పౌండ్ల అయిదు. మూడున్నర తాకితే కొట్టు మీ అమ్మది. పెట్టెలో సబ్బు లాంటి సంగతులు ఇంకేమైనా కనిపిస్తే వెంటనే రాయి.

రుష్దీ


కఫ్ర్ దియాబ్,
15 అక్టోబరు

మామయ్యకు నమస్కారాలు.

మీ ఉత్తరం పదమూడున అందింది. నిన్న పని మీద జగాజీగ్ వెళ్ళి వచ్చాను. రావడం ఆలస్యమైంది. దారిలో నాలుగు చోట్ల చీటీ చూపించాల్సి వచ్చింది.

సూదిమందు వచ్చింది. బడి వరండాలో వరస కట్టించాం. ఊరి పెద్ద అబ్దుల్ బాఖీ, "నేను ఆఖరున వేయించుకుంటా, ముందు నా జనం" అని ఛాతీ విరిచి నిలబడ్డాడు. మూడు వందల మంది అయ్యాక ఆయన వంతు వచ్చింది. సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆయన భార్య వరసలోంచి, "ఇందుకా నిన్న మేకని కోయించుకు తిన్నావ్!" అంది. ఈ ఊళ్ళో జనం నవ్వగా నేను విన్నది అదే మొదటిసారి.

దూది చేలోనే ఉన్న మాట నిజం. చేను కాపలాకి అవతల ఉంది, మనుషులు ఇవతల ఉన్నారు.

బీమా కంపెనీ గురించి మీరు రాసిన వాక్యం రెండుసార్లు చదివాను. మా రిజిస్టరులో ఇప్పటికి అరవై నాలుగు పేర్లకి ఎదురుగా గీత పడింది. మీరు రాసింది నిజమే అయి ఉంటుంది. వాళ్ళలో ఎవరి పేరూ అంతకుముందు ఏ పుస్తకంలోనూ లేదు.

సబ్బు గురించి ఈసారి రాయడానికేమీ లేదు. ఇకమీద ఊరి సంగతులు తక్కువ రాస్తే ఏమీ అనుకోకండి. పని ఎక్కువగా ఉంది. అమ్మ కాళ్ళవాపు తగ్గిందా?

హిల్మీ


అలెగ్జాండ్రియా,
24 అక్టోబరు

హిల్మీకి.

రేపు బక్రీదు. ఈ వీధిలో ఈసారి గొర్రెల అరుపులు తక్కువ. పండగ శుభాకాంక్షలు ముందే చెప్పేస్తున్నాను. తర్వాత రాయబోయేది చదివాక అవి రుచించవు.

ఇరవై ఒకటి సాయంత్రం ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఫ్యాక్టరీల్లో, గిడ్డంగుల్లో ఉన్న సబ్బునంతా తయారీ ఖర్చుకే స్వాధీనం చేసుకుంటుంది. కాపలా ఉన్న ఊళ్ళకి ఉచితంగా, లెక్క చూడకుండా పంచుతుంది. మిగిలిన చోట్ల ధర తానే నిర్ణయిస్తుంది. ఇరవై రెండున నీలి తెరచాప షేరుకి మొదటి గంట కొనేవాడే లేడు. నిన్న సాయంత్రానికి ఒక పౌండు అరవై.

పండక్కి బజారు మూసేముందు పత్రిక మళ్ళీ చదివాను. అలా పంచకపోతే ప్రయోజనం లేదని జగాజీగ్‌లో అక్టోబరు పద్నాలుగున ఏడుగురు వైద్యులు సంతకం చేసి ఇచ్చిన సిఫార్సు మీద ఈ ఉత్తర్వు వచ్చిందట. ఏడు పేర్లూ వేశారు. ఏడోది నీది.

నువ్వు నాకు ఉత్తరం రాసింది పదిహేనున. అందులో ఊరి పెద్ద ఉన్నాడు, మేక ఉంది, సూది ఉంది. సబ్బు గురించి రాయడానికేమీ లేదన్నావు. ఆ మాట నమ్మి, అంతా ప్రశాంతంగా ఉందనుకుని అమ్మకుండా కూర్చున్నాను. ఇరవయ్యో తేదీన కూడా మూడు ముప్పై ఎనిమిది ఉంది, హిల్మీ. ఒక్క మాట చాలేది. ‘అమ్మ కాళ్ళవాపు తగ్గిందా’ అని అడిగావు. ఆ కాళ్ళతోనే పదకొండేళ్ళు మిషన్ తొక్కి నిన్ను చదివించింది.

ఆమెకి ఇంకా చెప్పలేదు. పండగ పూట ఎలా చెప్పను? అర్థం కాక అడుగుతున్నాను, నిందించడానికి కాదు. ఎందుకు రాయలేదు?

రుష్దీ


కఫ్ర్ దియాబ్,
31 అక్టోబరు

మామయ్యకు, చేతులు ముద్దు పెట్టుకుంటూ.

మీ ఉత్తరం మొన్న అందింది. రేపు ఒకటో తేదీ అని తెలుసు.

మీరు అడిగినదానికి తిన్నగా జవాబు రాస్తాను. మీరు షేర్లు కొన్నారని నాకు పదమూడున తెలిసింది. పద్నాలుగున సంతకం పెట్టాను. తెలిసే పెట్టాను.

పెట్టెలో సబ్బు కథ మీరు చదివిన తీరు వేరు, నేను రాసిన తీరు వేరు. సబ్బు అరుదుగా దొరికే వస్తువైనంతకాలం వీళ్ళు దాన్ని శవాలకే దాస్తారు. ఇల్లంతా సబ్బయితే చేతులకి వాడతారు. జగాజీగ్ సమావేశంలో మా పై అధికారి, ఇంటికో బిళ్ళ చాలు, అదే ఎక్కువ అన్నాడు. నేను పంతొమ్మిది పెట్టెల లెక్క చెప్పాను. మిగతావాళ్ళు వాళ్ళ ఊళ్ళలో చూసింది చెప్పారు. అన్ని చోట్లా అదే కథ. అప్పుడు కాగితం రాశాం.

ఆ సంగతి మీకు రాయాలనే కూర్చున్నాను. ఒక కాగితం రాసి చింపేశాను. రాస్తే మీరు అమ్ముతారు. ఎవరో ఒకరు కొంటారు. ఆయనకీ ఒక అక్క ఉండొచ్చు, ఒక కొట్టు ఉండొచ్చు. ఆయనకి షర్ఖియాలో మేనల్లుడు లేడు, అంతే తేడా. రోగుల ఇళ్ళలోకి నన్ను రానిచ్చింది డాక్టరునని. ఆ పెట్టెలు తెరిచి చూపించింది డాక్టరుకి. పురుగు ఉత్తరం రాసే చుట్టానికి కాదు.

కానీ ‘సబ్బు గురించి రాయడానికేమీ లేదు’ అని రాయడం తప్పు. అది అబద్ధం. ఆ ఊసే ఎత్తకుండా ఊరుకోవాల్సింది. ఆ వాక్యానికి మీ దగ్గరా అమ్మ దగ్గరా క్షమాపణ అడుగుతున్నాను. సంతకానికి కాదు.

సబ్బు ఇరవై అయిదున వచ్చింది, పండగ నాడు. రెండు లారీలు. ఇంటికి ఆరు బిళ్ళలు, అయిపోతే మళ్ళీ. నిన్న కొత్త రోగులు ఇద్దరు. అది సబ్బు వల్లా, సూదిమందు వల్లా, నీళ్ళలో క్లోరిన్ కలపడం వల్లా అన్నది విడదీసి చెప్పలేను. చెప్పగలననేవాణ్ణి నమ్మకండి.

మీ ఉత్తరం వచ్చిన రోజు ఉమ్ షలబీ నా ముఖం చూసింది.

"ఏం డాక్టరు బాబూ, ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. మా అమ్మ కొట్టు పోతోంది."

"ఎందుకు?"

"సబ్బు కంపెనీలో డబ్బు పెట్టింది. సబ్బు మీకు ఊరికే ఇచ్చారు కదా, అందుకు."

కాసేపు లెక్క వేసుకున్నట్టుంది. ఇంటికి వెళ్ళి పెట్టెలోని ఆ మొదటి బిళ్ళ తెచ్చింది. "ఇది మీ అమ్మకి పంపు. నాకు ఆరున్నాయి. ఆరు అరిగేదాకా పోనులే" అంది. దీంతోపాటు పార్శిల్ చేస్తున్నాను. కాగితం ఇంకా విప్పలేదు.

అమ్మకి మీరు చెబుతారా, నేను రాయనా?

హిల్మీ


అలెగ్జాండ్రియా,
12 నవంబరు

హిల్మీకి, మీ మామయ్య దీవెనలు.

ఉత్తరం రాసేసరికి ఇంత ఆలస్యమైనందుకు కారణం పోస్టు కాదు, నేనే.

కొట్టు పోయింది. యానీ ఒకటో తేదీ దాకా చూసి, రెండున ఒక బట్టల వ్యాపారికి అమ్మాడు. వెళ్ళేముందు వచ్చి మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మీ అమ్మే ఆయన్ని ఓదార్చింది. షేర్లు ఒక పౌండు డెబ్భైకి అమ్మేశాను. కుట్టుమిషన్ ఇప్పుడు మా భోజనాల గదిలో, బాల్కనీ పక్కన ఉంది. నేను ఇది రాస్తుంటే టకటకలాడుతోంది. పాత ఖాతాదారులు మూడంతస్తులు ఎక్కి వస్తున్నారు. ఎక్కలేనివాళ్ళు కింది నుంచి కేకేసి, గుడ్డలు బుట్టలో పెడితే, తాడుతో పైకి లాగుతోంది.

ఆమెకి ఒకటో తేదీ ఉదయమే చెప్పాను. పత్రిక తీసి ఏడు పేర్లూ చదివించుకుంది. ఏడోది మళ్ళీ చదవమంది. తర్వాత అడగడం మొదలుపెట్టింది.

"పదహారో తేదీన ఎంతుందిరా?"

"మూడు నలభై."

"నేను అమ్మెయ్యమన్నది ఆ రోజేనా?"

"ఆ రోజే."

"మరి ఎందుకు అమ్మలేదు?"

"మూడున్నర వస్తుందనుకున్నా. అప్పటికి మూడు వందల నలభయ్యే అయింది."

"అంటే తక్కువైంది పది పౌండ్లు."

"పది."

"నీ దగ్గర లేవట్రా, పది పౌండ్లు?"

ఉన్నాయి, హిల్మీ. ఆ రోజు నా కోటు జేబులోనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో నా అంచనా పూర్తిగా నిజమవడం ఒక్కసారి చూడాలనిపించింది. ఆ చివరి పది కూడా బజారే ఇవ్వాలని పట్టుబట్టాను. నీ ఉత్తరం నాకు అందింది ఇరవయ్యో తేదీన. పదహారున నేను ఆగింది నీ మాట నమ్మి కాదు. కిందటి ఉత్తరంలో ఆ సంగతి రాయకుండా నీ మీదికి తోసేశాను. నీ ఒక్క వాక్యానికి నువ్వు క్షమాపణ అడిగావు. నేను ఆ ఉత్తరం మొత్తానికి అడగాలి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పత్తికి పురుగు పడితే ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుంది, ధర దానంతటదే లేస్తుంది. మనుషుల మీద పడితే ఊరుకోదు, ఊరుకోనివ్వని ఏడుగురు ఎక్కడో ఉంటారు. ముప్పై ఏళ్ళ అనుభవంలో ఈ తేడా నాకు తట్టలేదు. ఇప్పుడు బజారులో సోడా పాత ధరకి దిగింది, హోటళ్ళు మెల్లగా కోలుకుంటున్నాయి. మంచు కంపెనీని నవంబరులో ఎటూ ఎవరూ పట్టించుకోరు. బీమా ఎక్కడిదక్కడే ఉంది.

నీ పార్శిల్ ఎనిమిదిన వచ్చింది. దానికీ గాట్లు పెట్టారు, దానికీ గంధకం వాసన. మీ అమ్మ నీ ఉత్తరంలో ఉమ్ షలబీ మాటలు నా చేత రెండుసార్లు చదివించుకుని, సబ్బు చేతిలో పట్టుకుని కూర్చుంది. కాగితం అంచుకి ఇంకా పన్నీరు వాసన ఉందంది.

"అక్కా, దాన్ని నీ బట్టల పెట్టెలో దాచు. హిల్మీ పెళ్ళయ్యాక కోడలికి చూపించొచ్చు" అన్నాను.

"నువ్వు వాడి ఉత్తరాలు చదివావు గానీ, ఒక్కటీ అర్థం చేసుకోలేదురా" అంది.

లేచి, కాగితం విప్పి, తొట్టి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. నిదానంగా, వేళ్ళ సందులు కూడా. తర్వాత బిళ్ళ తొట్టి అంచున పెట్టి, "రా, నువ్వూ కడుక్కో. అన్నం చల్లారిపోతోంది" అని పిలిచింది.

కడుక్కున్నాను.

ఇకమీద నాకు ఊరి సంగతులు రాయక్కర్లేదు. ఏం తిన్నావో, ఎన్ని గంటలు నిద్రపోయావో అవే రాయి. మీ అమ్మకి చదివి వినిపిస్తాను.

మీ మామయ్య,
రుష్దీ